మాటల ముచ్చట: రెండు ‘ఇన్’లు

ఈమధ్య మా పొరుగింట తలుపులకు రంగులు వేయించారు. ఏడవ తరగతి చదివే వారి మనుమడు థిన్నరు డబ్బా తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టబోయాడు. బామ్మగారు కేకవేస్తే, “భయం లేదు బామ్మా! దీనిమీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని వ్రాసివున్నది. ‘ఇన్’ అంటే ‘కాదు’ అని బళ్ళో చెప్పారు. ఇది మండదు” అన్నాడట! రంగుల మేస్త్రీ పరుగున వచ్చి డబ్బా లాక్కున్నాడు గనుక సరిపోయింది.

పిల్లవాణ్ణి మేము తప్పు పట్టము. వాడు నేర్చిన సూత్రం మంచిదే, సగమే నేర్చాడు. లాటిన్ భాషనుంచి ఇంగ్లీషుకు వచ్చిన ‘ఇన్’లు రెండు. మొదటిది ‘కాదు, లేదు’ అని చెబుతుంది. ‘ఇన్‌విజిబుల్’ కంటికి కనపడనిది. ‘ఇన్‌క్యూరబుల్’ నయం కానిది. మన ‘అనంతము’, ‘అనాది’ మాటల మొదట నిలిచిన ‘అన్’కు ఇది దూరపు చుట్టమే. ‘ఉత్’, ‘లాసము’ కలిసి ‘ఉల్లాసము’ అయినట్లే, ఇదికూడా పక్క అక్షరాన్నిబట్టి రూపు మార్చుకొంటుంది: ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్.

రెండవ ‘ఇన్’కు ‘లోనికి’ అని అర్థం. ‘ఇన్‌హేల్’ అంటే ఊపిరి లోనికి పీల్చుట. ‘ఇన్‌ఫ్లేమ్’ అంటే మంట రేపుట. కాబట్టి ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే సులభంగా అంటుకొనేది! మండనిదానిని ‘నాన్‌ఫ్లేమబుల్’ అంటారు. ఈ భ్రమ పెద్దలకూ కలుగుతుందనే, అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకు పాటుపడేవారు 1920లలోనే ‘ఇన్’ తీసివేసి ‘ఫ్లేమబుల్’ అని వ్రాయమన్నారు. నేడు రెండు మాటలూ కనబడతాయి; అర్థం ఒక్కటే.

ఇంకొక చిక్కుమాట ‘ఇన్‌వాల్యుబుల్’. ఇందులో ‘ఇన్’ ‘కాదు’ అనేదే. అయినా విలువలేనిదని అర్థం కాదు, వెల కట్టలేనిదని. మన ‘అమూల్యము’ కూడా అంతే గదా! ఒకే ఉపసర్గ రెండు విధాల పలకడం మనకు క్రొత్తకాదు. ‘విఫలము’లోని ‘వి’ లేమిని చెబుతుంది. ‘విజయము’లో అదే ‘వి’ జయాన్ని హెచ్చిస్తుంది.

ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో, బడిలో ఇంగ్లీషు నేర్చే మన పిల్లలకు మాటలను పోల్చిచూచే నేర్పు తేలికగా అబ్బుతుంది. ఈ నెల ఇంట్లోని డబ్బాలమీది మాటలు వారిచేత చదివించండి. సందేహం కలిగితే నిఘంటువు తీయించండి. అది తీరేవరకు డబ్బా మాత్రం పొయ్యికి దూరంగానే వుండనివ్వండి!