సంతకముతో ముగియని ఫిర్యాదు

2025 మార్చి 5వ తేదీన షికాగో నగరమునుండి ఢిల్లీకి బయలుదేరిన ఎయిరిండియా వారి బోయింగ్ 777 విమానము, పండ్రెండు మరుగుదొడ్లలో ఎనిమిది పనిచేయకుండ పోయినందున అట్లాంటిక్ మహాసముద్రముమీదనుండి వెనుకకు మరలి, ఐరోపా విమానాశ్రయములు పెక్కింట రాత్రివేళ రాకపోకలకు ఆంక్షలుండుటచే అచ్చటను దిగజాలక, సుమారు పది గంటలకాలము ఆకాశమున గడపి, బయలుదేరినచోటనే దిగినది. ఢిల్లీ మీదుగా హైదరాబాదునకును విజయవాడకును వచ్చు తెలుగు కుటుంబములకు పరిచితమైన ఆ మార్గమునుండి వచ్చిన ఈ వార్త నవ్వు పుట్టించినంతగా ఆలోచన పుట్టింపలేదు. గొట్టములలో బయటపడినవి ప్లాస్టిక్ సంచులు, చింకిగుడ్డలు, బట్టలు. కావున అచ్చట దోషము సిబ్బందిదియు గాదు, మెయింటెనెన్సు శాఖదియు గాదు. అయితే వెనుదిరిగిన విమానము లోకమునకు తెలియును. వెనుదిరుగక, రెండు మూడు గదులకు తాళము వేసికొని దుర్గంధముతోనే గమ్యము చేరు విమానముల కథ లాగ్‌బుక్కులో ఒక పంక్తిగా మిగిలిపోవును. కేబిన్ సిబ్బందికిని మెయింటెనెన్సు ఇంజనీర్లకును నడుమ తరచుగా పుట్టు తగవు ఆ పంక్తిని గురించినదే.

ఈ తగవు స్వభావము తెలియవలెనన్న ముందుగా ఆ యంత్రము స్వభావము తెలియవలెను. పూర్వము విమానములలో నీలిరంగు రసాయనద్రవమునే మరల మరల త్రిప్పి వాడెడివారు. జేమ్స్ కెంపర్ అను అమెరికన్ 1975లో పేటెంటు పొందిన శూన్యపీడన పద్ధతి 1982లో బోయింగ్ విమానమున అమరినది మొదలు, కొద్దిపాటి నీటితోనే మాలిన్యమును టాంకులోనికి లాగివేయుట సాధ్యమైనది. సుమారు 16,000 అడుగులకు పైని విమానము లోపలి వాయుపీడనమునకును వెలుపలి పీడనమునకును గల భేదమే ఆ పనిచేయును. నేలమీదను, తక్కువ ఎత్తునను ఆ భేదము చాలదు గనుక మోటారుతో నడచు బ్లోయరు శూన్యమును కల్పించును. అనగా ఇంజనీరు నేలపై పరీక్షించునది ఒక బలమును, సిబ్బంది గాలిలో అనుభవించునది వేరొక బలమును. దీనికి తోడు మూత్రమందలి లవణములు గొట్టము లోపల సున్నపు పొరవలె పేరుకొని దారిని నానాటికి ఇరుకు చేయును. ఖాళీ విమానమున ఒకసారి మీట నొక్కినచో నీరు చక్కగా పోవును. మూడువందలమంది భోజనము ముగించిన గంటలో అదే గొట్టము మొరాయించును.

లోపము కనబడినపుడు సిబ్బంది దానిని కేబిన్ డిఫెక్ట్ లాగ్‌లో వ్రాయుదురు. విమానము దిగిన పిమ్మట ఇంజనీరు వచ్చి, పరీక్షించి, ‘నేలపై చూచితిమి, సరిగానే యున్నది’ అని వ్రాసి సంతకము చేయును. లేదా మరమ్మతును వాయిదా వేయును. ఈ వాయిదాకు ఎమ్‌ఈఎల్ అను పట్టిక ఆధారము. ఏ పరికరము చెడినను విమానము ఎన్నాళ్లు ఎగురవచ్చునో అది నిర్ణయించును: బి తరగతికి మూడు దినములు, సి తరగతికి పది, డి తరగతికి నూట యిరువది. మరుగుదొడ్డి చెడినచో తలుపునకు తాళము వేసి, ‘వాడరాదు’ అను చీటి అంటించి విమానమును పంపవచ్చును. మరునాడు వేరొక బృందము అదే విమానమెక్కి, అదే లోపమును చూచి, అదే పంక్తిని మరల వ్రాయును. అంతకుముందే ఎవరో వ్రాసిరని వారు పుటలు త్రిప్పినగాని ఎరుగరు.

ఇందు ఇంజనీరును దోషిగా నిలుపుట న్యాయము గాదు. ఆతని సంతకమునకు ఆతని లైసెన్సు పూచీ. ఆతనికి దొరకునది తరువాతి ప్రయాణమునకు ముందుగల గంట కాలము. పేరుకొన్న సున్నమును కరగించుటకు విమానము హ్యాంగరులో తీరికగా నిలువవలెను. ఇక సిబ్బందికో, ఆ గది తలుపు పక్కనే కూర్చుండు ఆసనము, దాని గోడ ఆవలనే భోజనము సిద్ధపరచు గ్యాలీ. వారికది పరికరము గాదు, కార్యస్థానము. ఇరువురును సత్యమే చెప్పుచున్నారు; అయితే ‘సరిచేయబడినది’ అను మాటకు ఒకరికి అర్థము పంక్తి ముగియుట, మరియొకరికి నీరు పోవుట.

శౌచము సౌకర్యమే గాని భద్రత గాదనువారు చరిత్రను చూడవలెను. 1973లో వారిగ్ సంస్థ విమానమున పారిస్ సమీపమున వెనుకటి మరుగుదొడ్డిలో రేగిన నిప్పు 123 మందిని బలిగొన్నది. 1983 జూన్ 2న ఎయిర్ కెనడా విమానమున మరుగుదొడ్డి ఫ్లష్ మోటారు సర్క్యూట్ బ్రేకర్లు పడిపోగా, కెప్టెన్ వానిని తిరిగి నిలుప యత్నించి విఫలుడైన కొంతసేపటికి పొగ కనబడినది; సిన్సినాటిలో దిగిన ఆ విమానమందలి 46 మందిలో 23 మంది మరణించిరి. నిప్పు ఎట్లు పుట్టినదో విచారణలో తేలలేదు గాని, ఆ పిమ్మట మరుగుదొడ్లలో పొగను పసిగట్టు పరికరములు తప్పనిసరియైనవి. నిప్పు విషయమున నేర్చిన పాఠమును మురికి విషయమున నేర్వలేదు.

చట్టము బొత్తిగా నిద్రించుచున్నదని కాదు. 2004లో అమెరికా పర్యావరణ సంస్థ 158 విమానముల నీటిని పరీక్షింపగా సుమారు ఎనిమిదింట ఒకదానియందు కోలిఫారం సూక్ష్మజీవులు కనబడినవి. 2009లో విమాన త్రాగునీటికి ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. ఢిల్లీ విమానాశ్రయమునకు చేరువ నివసించువారి ఇండ్లపై మాలిన్యము పడుచున్నదన్న ఫిర్యాదుపై, మాలిన్యమును విడుచు విమానముల సంస్థలకు రూ. 50,000 పరిహారము విధింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించినది. 2013లో అమెరికా ప్రభుత్వము కేబిన్ సిబ్బందికి కార్మికరక్షణను విస్తరించినపుడు అందు చేరినవి మూడే: ప్రమాదకర రసాయనముల సమాచారము, రక్తసంక్రమిత వ్యాధులనుండి రక్షణ, వినికిడి రక్షణ. త్రాగువాని నీటికి చట్టము కలదు, క్రింద నివసించువాని కప్పునకు కలదు. నడుమ పనిచేయువారి పాదముల క్రింది నేలకు మాత్రము అంత స్పష్టమైన చట్టము లేదు.

విమానమును నిరాకరించు తుది యధికారము కెప్టెనుది. కేబిన్ సిబ్బంది మాట ఆయన ద్వారముననే చెల్లవలెను, డ్యూటీ గంటలు మించిపోవుచున్నవేళ ఆ ద్వారము ఇరుకగును. కావలసినది అధికారముల బదిలీ కాదు, లెక్క. ఏ గదిలో లోపము ఎన్నిసార్లు వ్రాయబడినదో విమానము వారీగా కూడి, నిర్ణీతసంఖ్య మించిన లోపమును నేలపై ఒక్క మీట నొక్కి ముగింపరాదని, గొట్టము విప్పి చూచినగాని ఆ పంక్తి మూయబడరాదని నియమముండవలెను. తరువాతి బృందపు నాయకురాలు విమానమెక్కి లాగ్‌బుక్కు తెరచినపుడు, నిన్నటి సంతకమునకు క్రింద నాలుగవ మారు అదే ఫిర్యాదు వ్రాయవలసిన పని ఆమెకు ఉండరాదు.