ఇంకొక్క చుట్టు!

ఎగ్జిబిషన్‌కో, ఊరవతల వెలిసిన పెద్ద వినోదాల పార్కుకో పిల్లల్ని తీసుకువెళ్ళి వచ్చిన తండ్రులందరి ఫిర్యాదూ ఒకటే. "అంత డబ్బుపోసి టిక్కెట్లు కొన్నానండీ! కొండంత ఎత్తు నుంచి జారిపడే బండి ఉంది. పడవలాగా ఊగే ఉయ్యాల ఉంది. దయ్యాల గుహ ఉంది. మావాడు వాటివంక కన్నెత్తి చూస్తే ఒట్టు. ఓ మూల చెక్కగుఱ్ఱాలు తిరుగుతున్నాయి చూశారూ, దాన్ని పట్టుకుని వదలడే! ఏడుసార్లు ఎక్కాడు. ఎనిమిదోసారి నేనే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను." ఇంతా చెప్పి ఆయన ఓ నిట్టూర్పు విడుస్తాడు. పిల్లవాడు కాస్త మందమతేమోనన్న అనుమానం ఆ నిట్టూర్పులో లేకపోలేదు.

ఆ అనుమానం అక్కరలేదు. మూడేళ్ళు దాటి ఆరేళ్ళు నిండని పిల్లలకు ఆ మూలనున్న రాట్నంలో దొరికే వస్తువు కొండమీంచి జారే బండిలో దొరకదు. డబ్బిచ్చేది మనమే అయినా ఎక్కేది వాళ్ళు కదా, వాళ్ళవైపు నుంచి ఒకసారి చూద్దాం.

ముందు వేగం సంగతి. 24 అడుగుల అడ్డకొలత గల రాట్నం ఒకటి ఉందనుకోండి. దాని అంచున ఉన్న గుఱ్ఱం ఒక్క చుట్టుకు సుమారు 75 అడుగులు పోతుంది. చుట్టుకు 15 సెకండ్లు పడితే సెకండుకు 5 అడుగులన్నమాట. గంటకు అయిదున్నర కిలోమీటర్లు! పొద్దున్నే తలకు మఫ్లరు చుట్టుకుని మా వీధిలో వాకింగుకు బయలుదేరే పెద్దమనుషుల నడక కూడా ఇంచుమించు అంతే. మరి ఆ పిల్లవాడి మొహం చూడండి, గాలిలో తేలిపోతున్నట్టుంటుంది.

ఈ కిటుకు చెవిలో ఉంది. మన లోపలి చెవిలో గాజులాగా వంగిన సన్నని గొట్టాలు మూడు ఉంటాయి, వాటినిండా ద్రవం. తల తిరిగితే గొట్టం తిరుగుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడానే మెదడు 'తిరుగుతున్నాను' అని చదువుకుంటుంది. ఒకే వేగంతో కాసేపు తిరిగితే ద్రవం గొట్టాన్ని అందుకుంటుంది, తిరుగుతున్న స్పృహ పల్చబడిపోతుంది. ఠక్కున ఆగినప్పుడు గొట్టం ఆగినా ద్రవం ఆగదు, అందుకే లోకం ఎదురు తిరుగుతుంది. ఒప్పులకుప్ప ఆడి కూలబడ్డ ఆడపిల్లలకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ గొట్టాల పక్కనే సున్నపు నలుసులు మోసే చిన్న సంచులు రెండు ఉంటాయి. పైకి లేచామో కిందికి దిగామో చెప్పేవి అవి. రాట్నంలో గుఱ్ఱం తిరగడమే కాక పైకీ కిందికీ లేస్తుంది చూశారా, తిరగడం విసుగెత్తే వేళకు ఈ సంచులకు పని తగులుతుంది. ఇంగ్లండులో కింగ్స్ లిన్ అనే ఊళ్ళో వ్యవసాయపు యంత్రాలు చేసే ఫ్రెడరిక్ సావేజ్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఆవిరితో నడిచే రాట్నాలు తయారుచేశాడు. గుఱ్ఱాన్ని దౌడు తీయించే వంకర ఇరుసుల ఏర్పాటు ఆయన కార్ఖానాలోనే బాగా స్థిరపడింది. అక్కడి రాట్నాలు గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగితే, అమెరికా రాట్నాలు దానికి ఎదురు తిరుగుతాయి. ఇంగ్లండు వారికి గుఱ్ఱాన్ని ఎడమవైపు నుంచి ఎక్కడం మర్యాద. చెక్కగుఱ్ఱమైనా మర్యాద మర్యాదే కాబోలు!

పెద్ద బండ్ల దగ్గర 'ఇంత ఎత్తు ఉన్నవారే ఎక్కవలెను' అని గీత గీసి ఉంటుంది. కొందరు తండ్రులు ఆ గీత దగ్గర పిల్లవాణ్ణి మునివేళ్ళమీద నిలబెట్టి బేరమాడడం కళ్ళారా చూశాను. అది బేరమాడే వస్తువు కాదండీ. బెల్టులూ కమ్మీలూ ఒక కొలత ఒంటికి సరిపడేలా చేసినవి. అదీగాక, పుట్టిన బిడ్డకు తల ఒంటి పొడవులో నాలుగో వంతు. పెద్దవాళ్ళకు ఎనిమిదో వంతు. నాలుగేళ్ళ పిల్లవాడు ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటాడు. తల బరువు, మెడ లేత. బండి కుదుపుకు మనకు సరదా పుట్టేచోట వాడికి భయం పుడుతుంది. ఆ భయంలో తెలివే ఉంది.

అయితే పిల్లలకు కళ్ళు తిరగడం ఇష్టం లేదనుకోకండి. 1958లో రోజే కయ్వా అనే ఫ్రెంచి పండితుడు మనుషుల ఆటలన్నిటినీ నాలుగు రకాలుగా పంచాడు: పోటీ, అదృష్టం, వేషం, కళ్ళు తిరగడం. పిల్లలు ఉన్నచోటనే గిరగిర తిరిగి పడిపోవడాన్ని నాలుగో దానిలో వేశాడు. నాకు తోచేది, చిన్నపిల్లల రాట్నంలో మూడోదీ నాలుగోదీ కలిసి ఉన్నాయని. కళ్ళు తిరగడం చిటికెడు, వేషం గంపెడు. తెల్లగుఱ్ఱం కావాలా, నల్లగుఱ్ఱం కావాలా అని ఎంచుకోవడంతోనే సగం ఆట అయిపోతుంది. వాడు ఎంచుకున్న గుఱ్ఱంమీద ఇంకో పిల్ల ఎక్కితే చూడండి, రాజ్యం పోయిన రాజులాగా నిలబడతాడు.

1955లో అమెరికాలో తెరిచిన డిస్నీలాండులో ఎగిరే ఏనుగుల ఆట ఒకటి ఉంది. మధ్య స్తంభం చుట్టూ ఏనుగులు తిరుగుతాయి, అంతే. కాని ఏనుగులో కూర్చున్నవాళ్ళ ముందు ఒక మీట ఉంటుంది. అది లేపితే ఏనుగు పైకి వెళుతుంది, దించితే కిందికి వస్తుంది. పొద్దున లేచింది మొదలు స్నానం ఎప్పుడు, పాలు ఎప్పుడు, నిద్ర ఎప్పుడు అని అన్నీ ఎవరో ఒకరు నిర్ణయించే ప్రాణికి, ఏనుగంతటిదాన్ని తన ఇష్టంవచ్చిన ఎత్తుకు లేపే అధికారం దక్కడం సామాన్యమా!

ఇవన్నీ ఒక ఎత్తు. నేను అసలు చెప్పదలచింది ఇంకొకటి ఉంది.

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1920లో వెలువరించిన ఒక పుస్తకంలో తన మనవడి ఆటను వర్ణించాడు. పిల్లవాడికి ఏడాదిన్నర. తల్లి గంటల తరబడి బయటికి వెళ్ళినా ఏడ్చేవాడు కాదట. దారం కట్టిన చెక్క కండె ఒకటి వాడికి ఆటవస్తువు. తెర కట్టిన మంచం అంచు మీదుగా దాన్ని అవతలికి విసిరేవాడు. అది కనబడకుండా పోగానే పోయిందన్న అర్థంలో ఒక దీర్ఘం తీసేవాడు. దారం లాగి కండె మళ్ళీ కళ్ళబడగానే ఇదిగో అని సంబరపడేవాడు. తల్లి పోవడం, రావడం వాడి చేతిలో లేవు. కండె పోవడం, రావడం మాత్రం వాడి చేతిలోనే ఉన్నాయి. ఫ్రాయిడ్ సిద్ధాంతాలన్నిటినీ నేను నెత్తిన పెట్టుకోను గాని, ఈ తాతగారు మనవణ్ణి శ్రద్ధగా చూశాడన్నది మాత్రం ఒప్పుకోవలసిందే.

రాట్నం దగ్గర కమ్మీ పట్టుకుని ఒక్క అరగంట నిలబడండి, ఇదే ఆట కనబడుతుంది. పిల్ల అమ్మను వదిలి వెళుతుంది. నడిమి స్తంభం అడ్డువస్తుంది, అమ్మ మాయం. నాలుగు దీపాలు, ఎవరో కొత్తమొహాలు, ఐస్‌క్రీము బండి. మళ్ళీ అమ్మ! చెయ్యి ఊపుతుంది. మళ్ళీ మాయం. పెద్దవాళ్ళం మనం 'తిరిగిన చోటే తిరగడం' అని విసుక్కుంటాం. ఆ పిల్లకు ప్రతి చుట్టూ ఒక ఊరు వెళ్ళి రావడం.

మా మనవరాలికి నాలుగేళ్ళు. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలరీత్యా బెంగుళూరులో ఉన్నారు. ఇల్లూ బడీ కుదిరేదాకా పాప మా దగ్గరే. అమ్మాయి రెండు వారాలకొకసారి శనివారం పొద్దున దిగి, ఆదివారం రాత్రి బస్సుకు వెళ్ళిపోతుంది. అలా వచ్చిన ఒక శనివారం నాంపల్లి నుమాయిష్‌కు వెళ్ళాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో 50 దుకాణాలతో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఆ నుమాయిష్ హైదరాబాదు పిల్లలకు జనవరి పండగ. పాప తెల్లగుఱ్ఱం ఎక్కింది. అమ్మాయి కమ్మీ దగ్గర నిలబడింది. నాలుగు చుట్లూ చెయ్యి ఊపడం సక్రమంగా జరిగింది. అయిదో చుట్టుకు అమ్మాయికి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రొదలో వినబడక వేరుశెనక్కాయల బండి అవతలికి నాలుగడుగులు వేసింది.

గుఱ్ఱం వచ్చింది. ఊపడానికి లేచిన పాప చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఏడవలేదు. మెడ తిప్పి, ఆ ఖాళీచోటు కనబడినంత మేరా వెనక్కి చూస్తూ వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి ఊపాను. నా లెక్క వేరు, ఆ లెక్క వేరు. ఆరో చుట్టుకు వాళ్ళమ్మ వచ్చి నిలబడింది. పాప నవ్వలేదు. "నేను నిన్ను చూశా!" అని గట్టిగా అరిచింది, నేరం పట్టుకున్నట్టు.

దిగగానే ఇంకొక టిక్కెట్టు కావాలంది. ఎక్కే ముందు కమ్మీ దగ్గరికి వచ్చి, నేలమీద కాలితో ఒకచోట గీత గీసి, "అమ్మా, నువ్వు ఇక్కడే ఉండాలి" అని చెప్పి వెళ్ళింది. మా అమ్మాయి ఫోను నా చేతికిచ్చి ఆ గీతమీద నిలబడింది. అది మోగుతూనే ఉంది. ఇద్దరం దానివంక చూడలేదు.

మర్నాటి రాత్రి బస్సు దగ్గర పాప అడిగింది: "ఎన్ని చుట్లు తరవాత వస్తావు?" వాళ్ళమ్మ కాసేపు మాట్లాడలేక, "పధ్నాలుగు" అంది. అప్పటికి పాపకు పదిదాకానే లెక్క వచ్చు. తక్కిన నాలుగూ మేము నేర్పాం.

వాల్ట్ డిస్నీ చెప్పిన కథ ఒకటి ప్రసిద్ధం. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్ళిద్దరూ చెక్కగుఱ్ఱాలెక్కి తిరుగుతూంటే, తాను బెంచీమీద కూర్చుని వేరుశెనక్కాయలు నములుతూ, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలని తలపోశాడట. అలా పుట్టిందట డిస్నీలాండు. అంతవాడి ఊహకు వంక పెట్టడం సాహసమే గాని, బెంచీమీద కూర్చున్న తండ్రి ఆ ఆటలో లేడని ఎవరన్నారు? ఆయన అక్కడ కూర్చోబట్టే కూతుళ్ళు ధైర్యంగా తిరిగారు. చెయ్యి ఊపడానికి ఎవరూ లేకపోతే అది ఉత్త చెక్కగుఱ్ఱం.

అందుకే జెయింట్ వీల్ దగ్గర "మగపిల్లాడివి, భయమేమిట్రా!" అంటూ ఏడ్చే పసివాణ్ణి సంకనేసుకుని బలవంతంగా ఎక్కించే తండ్రులను చూస్తే నాకు కోపం వస్తుంది. పైకి వెళ్ళినకొద్దీ కిందనున్న అమ్మ చీమంత అవుతుంది. మొహం కనబడదు. నాన్న ఒళ్ళోనే ఉన్నా పిల్లవాడు కిందికి చూసి ఏడుస్తాడు. రెండేళ్ళు ఆగితే "నువ్వు రావద్దు, నేనొక్కణ్ణే ఎక్కుతా" అని వాడే అంటాడు. అప్పుడు మీరే బతిమాలవలసి వస్తుంది.

ఎక్కడ నిలబడాలన్నది ఒక్కటి చెప్పాలి. మరీ పసివాళ్ళయితే రాట్నంమీదికే వెళ్ళి గుఱ్ఱం పక్కన చెయ్యి వేసి నిలబడండి. మూడు నాలుగేళ్ళవాళ్ళకు కమ్మీ బయట, దీపం కింద, మొదటి చుట్టుకు ఎక్కడ నిలబడ్డారో చివరిదాకా అక్కడే ఉండండి. ఫొటోకోసం అటూ ఇటూ పరుగెత్తకండి. ఎన్నిసార్లు ఎక్కనిస్తారో ముందే చెప్పి, ఆ లెక్క తప్పకండి. తల్లులు పచ్చచీరో ఎర్రచీరో కట్టుకుంటే పిల్లలు దూరం నుంచే పట్టేస్తారు. నాన్నలకు ఆ సదుపాయం లేదు గనుక, వాళ్ళు పిల్లవాడి టోపీ చేత్తో పట్టుకుని ఊపవలసిందే.