కొండాపూర్‌లో కణ్వాశ్రమం

మా సత్సంగానికి వచ్చే ఒక సోదరి ఇటీవల నన్నొక ప్రశ్న అడిగారు. ఆమె నివాసం కొండాపూర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం విడిచి, తన ఇంటి క్రింది అంతస్తులో, చిన్న పెరడుతో సహా, పసిపిల్లలకు ప్రకృతిమయమైన డేకేర్ ప్రారంభించాలని ఆమె సంకల్పం. చేతిలో ఒక పట్టిక ఉన్నది: కృత్రిమ పచ్చిక, గోడకు అరణ్యచిత్రం, విదేశీ కొయ్యబొమ్మలు. "అన్నయ్యగారూ, వీటిలో ముందుగా ఏది కొనమంటారు?"

నాకు విచారం కలిగింది. ప్రకృతిని కూడ వస్తువుగా కొని తెచ్చుకొనే స్థితికి చేరుకొన్నాం. అయినను ఆమె సంకల్పం ఉత్తమమైనది. ఆమెకు చెప్పిన సమాధానాన్నే సాధకులైన పాఠకుల ముందుంచుతున్నాను.

మొదట ఒక అపవాదును తొలగించుకోవాలి. శిశువును పరుల చేతికి అప్పగించే తల్లి ధర్మం తప్పినదని మనలో కొందరు పెద్దలు సులభంగా నిందిస్తారు. 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం తొలి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల వేతన సహిత సెలవు ఇచ్చినది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ వసతి కల్పించాలని, తల్లి దినమునకు నాలుగు పర్యాయాలు బిడ్డను చూచి రావచ్చునని విధించినది. 26 వారాలంటే ఆరు మాసాలు. అన్నప్రాశన జరిగీ జరగకముందే తల్లి విధులకు మరలవలసి వస్తున్నది. తాతమ్మలు స్వగ్రామంలో, దంపతులు ఇరువురూ మాదాపూర్ కార్యాలయాలలో ఉన్నప్పుడు నింద వలన ఏ శిశువు ఆకలి తీరుతుంది?

మన ఇతిహాసం ఈ విషయంలో మనకంటె ఉదారమైనది. మేనక విడిచిపోయిన శిశువును మొదట కాచినవి శకుంతపక్షులు. అందుచేతనే ఆమె శకుంతల. మాలినీ తీరాన ఆమెను పెంచిన కణ్వుడు కన్నతండ్రి కాడు. దేహమిచ్చినవాడు, ప్రాణం కాచినవాడు, అన్నం పెట్టినవాడు, ముగ్గురూ తండ్రులేనని మహాభారత ఆదిపర్వం ఆయన నోటనే పలికించినది. అన్నం పెట్టి కాచే చేయి మాతృస్థానాన్ని పొందుతుందని దీని తాత్పర్యం. కనుక డేకేర్ నడపడం ధర్మలోపం కాదు, అదొక ధర్మస్థానం. ఆ స్థానానికి తగినట్లు నడుపుతున్నామా అన్నదే ప్రశ్న.

ఛాందోగ్యంలో సత్యకాముని వృత్తాంతం జిజ్ఞాసువులు ఎరిగినదే. గురువు అప్పగించిన 400 కృశించిన గోవులతో అరణ్యానికి వెళ్ళి, అవి వేయి అయిన పిమ్మట మరలి వచ్చాడు. దారిలో వృషభం, అగ్ని, హంస, మద్గుపక్షి అతనికి బ్రహ్మమును బోధించాయి. అయినను అతడు గురువు వద్దకు వచ్చి మరల బోధించుమని ప్రార్థించాడు. ఇందులో రెండు సూక్ష్మాలున్నవి. ప్రకృతి బోధిస్తుంది, కాని ప్రక్కన కనిపెట్టి ఉండే పెద్ద అవసరం తీరదు. పెరట్లో పిల్లలను వదలి ఫోన్ చూచుకొనేవారు ప్రకృతిమయమైన డేకేర్ నడుపుతున్నామని చెప్పుకొనరాదు.

ఇక ప్రకృతి ఎక్కడ ఉన్నది? సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గల గ్రానైట్ శిలలు దుర్గం చెరువు చుట్టూ నేటికీ నిలిచి ఉన్నవి. కొండాపూర్ ప్రక్కనే కోట్ల విజయభాస్కరరెడ్డి వృక్షోద్యానం ఉన్నది. అంత దూరం పోలేని దినాన పెరటిలోని చీమలబారు చాలును. రెండేండ్ల బిడ్డ చీమ వద్ద అరగంట కూర్చుండగలదు; మన ధ్యానం అంతసేపు నిలుస్తున్నదా? 2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల చోట చెట్లు కూలుతుండగా విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం ఆ పనులను నిలిపివేసింది. చెట్టును బాల్యంలో తాకని బిడ్డ పెద్దయి చెట్టు కొరకు నిలబడునా?

అయితే భావావేశం చాలదు. పూజ కోసం మనం పెంచే గన్నేరు, ఉమ్మెత్త శివునికి ప్రియమైనవే, శిశువుకు విషం. వాటిని పెరటి నుండి తొలగించాలి, తులసి ఉండవచ్చు. తొట్టిలో జానెడు నీరైనా పసివాని ప్రాణం తీయగలదు. నిలువ నీరు వర్షాకాలంలో డెంగీ దోమకు జన్మస్థానం. వేసవిలో ఎండ ముదరకముందే మట్టి ఆట ముగించాలి. ఒక పెద్దకు ముగ్గురు పసివాళ్ళకు మించరాదని నా అభిప్రాయం. ఆదాయం తగ్గునని ఆమె అన్నారు. తగ్గును. రుసుము తీసుకొనడంలో దోషం లేదు. సంఖ్య పెంచి శ్రద్ధ తగ్గించడంలో దోషమున్నది.

చివరిగా నేనొక మాట అడిగాను. "నీవు నియమించుకొనే ఆయాకు పిల్లలున్నారా, అమ్మా?"

ఉన్నది, మూడేండ్ల కూతురు. పగలంతా పొరుగింటి వారి చూపులో ఒంటరిగా ఉంటున్నదట. మన బిడ్డలను ఎత్తుకొనే చేతులు తమ బిడ్డను విడిచి వస్తున్నవి. ఆ పాప కూడ అదే మట్టిలో, అదే పంక్తిలో కూర్చుండాలని నేనన్నాను. "కొందరు తల్లిదండ్రులు అంగీకరించరేమో!" అని ఆమె సంకోచించారు. అంగీకరించకపోవచ్చు. సర్వభూతములలో ఒకే ఆత్మను చూడుమని ప్రతి సాయంకాలం వింటున్న మనకు ఆ మాట పరీక్షకు వచ్చే చోటు ఇదే. ఇద్దరు పిల్లలు తగ్గితే నష్టం ధనానికి. ఆ పాపను గుమ్మం వెలుపల ఉంచితే నష్టం సంకల్పానికి. కణ్వుడు శిశువును ఎత్తుకొనే ముందు కులగోత్రాలు విచారించలేదు.

మరుసటి వారం ఆమె పట్టికను మరల చూపారు. కృత్రిమ పచ్చిక, అరణ్యచిత్రం కొట్టివేయబడినవి. ఒక బండి ఎర్రమట్టి, చిన్న చెంబులు నాలుగు, గుమ్మానికి గడియ, పెరటి తలుపుకు జాలి మిగిలినవి. పిల్లల సంఖ్య వద్ద "మూడు" అన్నది చెరిపి "నాలుగు" అని వ్రాశారు. నాలుగవది ఆయా కూతురు. ఆ పాప కోసం తన తల్లిగారు కూడ వచ్చి కూర్చుంటారట.

శుభం భూయాత్.