మూడో డిస్కు ఎవరి దగ్గరుంది?

మా ఇంట్లో ‘మాయాబజార్’ మూడు డిస్కుల సినిమా. మొదటిది ఉంది, రెండోది ఉంది. మూడోది పైలిన్ తుఫానులో పాడైంది. అందుకే చాలా ఏళ్ళు నాకు శశిరేఖ పెళ్ళి సినిమాలో చూసిన గుర్తే లేదు. రెండో డిస్కు అయిపోగానే అమ్మ పక్కన కూర్చుని సగం తెలుగు, సగం ఒడియా కలిపి మిగతా కథ చెప్పేది. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో పెళ్ళికొడుకు కాలు తొక్కే సీను నేను ముందు అమ్మ నోటనే చూశాను.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మన క్లాసులో ఒక మాట వచ్చింది. ఇంట్లో పాత సీడీలు, డీవీడీలు ఉన్నాయని నేనంటే, “ఇంకా ఆ చెత్త దాచుకున్నారా? అన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదే!” అని ఒక ఫ్రెండ్ నవ్వింది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి. మాది గోపాల్‌పూర్. నాన్న తెలుగు, అమ్మ ఒడియా, అమ్మ పుట్టిల్లు ఆస్కా వైపు. పెళ్ళయి వచ్చినప్పుడు అమ్మకి తెలుగు ఒక్క ముక్క రాదు. నాన్నమ్మకి ఒడియా వచ్చినా, మాట్లాడే ఓపిక లేదు. ఇద్దరి మధ్యా నాన్న కొన్న వీసీడీ ప్లేయరు పనిచేసింది. మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మిన కాలం అది. నాన్న పని మీద ఇచ్ఛాపురం వెళ్ళినప్పుడల్లా జేబులో ఒక డిస్కుతో తిరిగొచ్చేవారట. మధ్యాహ్నం వంట అయ్యాక అత్తాకోడళ్ళు ‘గుండమ్మ కథ’ పెట్టుకునేవారు. అమ్మ మాటిమాటికీ రిమోట్ నొక్కి ఆపేది. “అత్తయ్యా, ఈ మాటకి అర్థం ఏమిటి?” నాన్నమ్మ చెప్పేది, మళ్ళీ నడిపేవారు. మూడు గంటల సినిమా రెండు రోజులు పట్టేది. సూర్యకాంతం గయ్యాళితనం చూసి ఇద్దరూ పగలబడి నవ్వేవారట. ఎవరు ఎవరిని తలుచుకుని నవ్వారో నేను అడగలేదు.

పింగళి నాగేంద్రరావు గారు ‘మాయాబజార్’లో పుట్టించిన మాటలు మా ఇంట్లో ఇప్పటికీ బతికి ఉన్నాయి. మా ఇంటికి వచ్చి అమ్మ తెలుగుని వెక్కిరించిన చుట్టాలందరూ అమ్మ లెక్కలో తసమదీయులు. నేను పరీక్ష పాసైతే ‘వీరతాడు’. అమ్మ తెలుగు అక్షరాలు నేర్చుకోలేదు, ఏ క్లాసులోనూ కూర్చోలేదు. ఆమె తెలుగు డిస్కుల తెలుగు. ఇలా చూస్తే ఆ 28 రూపాయల వీసీడీ మా ఇంటికి వాచకం లాంటిది.

ఆంధ్రలో ఉండేవాళ్ళకి తెలుగు బస్సులో వినిపిస్తుంది, దుకాణం బోర్డు మీద కనిపిస్తుంది, బళ్ళో దొరుకుతుంది. 1936లో ఒడిశా ఏర్పడే దాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ తర్వాత గీత అవతల తెలుగు, ఇవతల తెలుగు వేరువేరుగా పెరిగాయి. గోపాల్‌పూర్ ఒడ్డున జాలరుల ఇళ్ళల్లో తెలుగు వినిపిస్తుంది, కానీ ఆ పిల్లలు బళ్ళో చదివేది ఒడియా. నేనూ పదో తరగతి దాకా ఒడియా మీడియమే. మన క్లాసులోనే గలగలా మాట్లాడి, చదవమంటే తడబడే వాళ్ళం ఎంతమంది ఉన్నామో మేడమ్‌లకి తెలుసు. మనకి తెలుగు ఇంట్లోనే దొరకాలి. ఇంట్లో పుస్తకాల అలమారు లేని చోట డిస్కుల డబ్బాయే అలమారు.

ఇక “అన్నీ ఫోన్‌లో ఉన్నాయి” అన్న మాట. అన్నీ లేవు. ఉన్నవి కూడా ఉంటాయన్న హామీ లేదు. పోయిన దసరాకి ఒక యాప్‌లో అమ్మ కోసం ఒక పాత సినిమా వెతికి జాబితాలో పెట్టుకున్నాను. సంక్రాంతికి చూద్దామంటే అది లేదు. డబ్బు కట్టింది నేను, తీసేసింది వాళ్ళు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒప్పందం ప్రకారం అది వాళ్ళ తప్పు కూడా కాదు, ఎందుకంటే నేను సినిమా కొనలేదు, కొన్నాళ్ళు చూసే వీలు మాత్రం కొన్నాను. నాన్న 28 రూపాయలకి తెచ్చింది మాత్రం కొన్న వస్తువు. దాన్ని తీసుకుపోవాలంటే ఎవరైనా మా ఇంటికి రావాలి.

ఇంకో సంగతి. సినిమా ఉంది అంటే ఏ ప్రతి ఉంది అని కూడా అడగాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ దాదాపు 184 నిమిషాల నలుపు తెలుపు సినిమా. 2010లో దానికి రంగులు వేసి హాళ్ళలో విడుదల చేశారు. బాగుంది, నాకూ నచ్చింది. కానీ ఆ రంగుల ప్రతిలో కొన్ని పాటలు తీసేసి నిడివి తగ్గించారు. రేపు ఒకమ్మాయి ఆ రంగుల ప్రతి ఒక్కటే చూసి, కె.వి.రెడ్డి గారు తీసింది ఇంతే అనుకుంటే తప్పు ఆమెది కాదు. పాత డిస్కు పక్కన ఉంటేనే ఏం పోయిందో తెలుస్తుంది. సాహిత్యం క్లాసులో మనం పాఠాంతరాలు అంటామే, అలాంటిదే ఇదీ.

అలాగని డిస్కు గొప్పదని, శాశ్వతమని నేను అనడం లేదు. వీసీడీలో ఒక్కో బొమ్మకి అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు, అంటే సుమారు లక్ష. ఇప్పటి ఫుల్ హెచ్‌డీలో ఇరవై లక్షలు. పెద్ద టీవీలో మా వీసీడీ పెడితే సావిత్రి గారి మొహం గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంది. పైగా వీసీడీలో బొమ్మని పట్టి ఉంచే అల్యూమినియం పొర పేరు అచ్చువేసిన వైపు, పల్చటి పూత కిందే ఉంటుంది. మనం మెరిసే వైపు గీతలు పడకుండా జాగ్రత్తపడి పేరున్న వైపు నేల మీద పెడతాం. నిజానికి ఆ వైపే ఎక్కువ సున్నితం. ఆ పూత దెబ్బతింటే తేమ, ఉప్పుగాలి లోపలికి చేరి పొర తినేస్తాయి. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. గోపాల్‌పూర్‌లో కిటికీ చువ్వలే నాలుగేళ్ళు నిలవవు, ఇక డిస్కు ఎంత?

2013 అక్టోబర్ 12 రాత్రి పైలిన్ మా ఊరి దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్ల వేగం. అప్పుడు నాకు ఏడేళ్ళు. ముందు రోజే మమ్మల్ని బరంపురం మేనత్త ఇంటికి పంపేశారు. తిరిగొస్తే వంటింటి రేకులు లేవు, డిస్కుల డబ్బా నిండా ఉప్పునీళ్ళు. అట్టలు, బొమ్మలున్న కాగితాలు పిండి పిండి అయిపోయాయి. నాన్నమ్మ, అమ్మ కూర్చుని ఒక్కో డిస్కునీ మంచినీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టారు. అరవైకి పైగా డిస్కుల్లో ఇప్పుడు చివరిదాకా ఆడేవి నలభై ఒకటి. అట్టలు పోయాయని నాన్నమ్మ పాత తెలుగు క్యాలెండరు కాగితాలు మడిచి, దారంతో కుట్టి సంచులు చేసింది. వాటి మీద తిథులూ, రాహుకాలాలూ ఉంటాయి. వాటి మధ్యలో నాన్నమ్మ చేతిరాతతో ‘గుండమ్మ కత’, ‘మిసమ్మ’. నాన్నమ్మ ఇప్పుడు లేదు. ఆమె తెలుగు రాత మా ఇంట్లో ఆ సంచుల మీద తప్ప ఇంకెక్కడా లేదు.

మూడో డిస్కు ముగింపు చివరికి నేను ఫోన్‌లోనే చూశాను, ఒప్పుకుంటాను. కాబట్టి నా వాదన డిస్కా ఫోనా అని కాదు. ఏదైనా ఒక్క చోటే ఉంటే పోతుంది, అదే నా వాదన. ఒకరి దగ్గర మూడోది పోతే ఇంకొకరి దగ్గర ఉండాలి.

సినిమా చరిత్ర అంతా ఇదే చెబుతుంది. మన దేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ (1931) ఇవాళ చూద్దామంటే లేదు. మొదటి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కూడా అంతే. ఫొటోలున్నాయి, పాటల కబుర్లున్నాయి, సినిమా లేదు. సినిమాలు భద్రపరచడానికి పుణేలో జాతీయ ఆర్కైవ్ పెట్టింది 1964లో, అంటే ‘ఆలం ఆరా’ వచ్చిన 33 ఏళ్ళకి. రెండో వైపు చూడండి. 1993లో లండన్‌లో ఒక ల్యాబ్ తగలబడి సత్యజిత్ రే ‘అపు’ సినిమాల నెగటివ్‌లు కాలిపోయాయి. అయినా 2015లో ఆ మూడు సినిమాలూ మళ్ళీ కొత్తగా తెరమీదకి వచ్చాయి. కాలగా మిగిలిన ముక్కలకి, వేరే వేరే దేశాల ఆర్కైవుల్లో ఉన్న ప్రతుల నుంచి ముక్కలు చేర్చి నిలబెట్టారు. ఎవరో ఎక్కడో దాచబట్టే కదా! మన ఒడియా సినిమా ‘మాయా మిరిగ’ (1984) కూడా బాగు చేయించుకుని 2024లో ఇటలీలోని బొలోన్యాలో మళ్ళీ తెరమీద ఆడింది.

మనం ఆర్కైవ్ పెట్టలేం. బీరువాలో ఒక అర మాత్రం పెట్టగలం. అందుకే డిపార్ట్‌మెంట్‌కి నా విన్నపం. మన సెమినార్ లైబ్రరీ బీరువాలో ఒక అర డిస్కులకి ఇవ్వండి. ఇళ్ళల్లో టీవీ కింద, మంచం కింద ఉన్న పాత తెలుగు సినిమాల డిస్కులు, కుదిరితే ఒడియావి కూడా, మనందరం తెద్దాం. ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు పేరు రాయిస్తే చాలు. ఒక రిజిస్టరు పెడదాం: సినిమా, సంవత్సరం, ఎన్ని డిస్కులు, చివరిదాకా ఆడుతోందా, ఎవరి దగ్గర ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటు లేదు కాబట్టి యూఎస్‌బీతో తగిలించే డ్రైవు ఒకటి అందరం చందా వేసుకుని కొందాం. డిస్కులు నిలువుగా పెట్టాలి, అంచులు పట్టుకోవాలి, తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచు వైపు తుడవాలి. ఇంత చేస్తే చాలు.

చట్టం సంగతి అడుగుతారని అది కూడా చూశాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే ‘మిస్సమ్మ’ (1955), నలుపు తెలుపు ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ (1962) ఇప్పుడు అందరివీ. వీటి ప్రతులు తీసి దాచుకోవచ్చు. తర్వాతి సినిమాలకి ఆ వీలు లేదు, వాటి అసలు డిస్కునే కాపాడుకోవాలి. ‘ఒకే డిస్కులో ఐదు సినిమాలు’ అని రోడ్డు పక్కన అమ్మిన దొంగ డిస్కులు మన అరలో వద్దు. అదే చట్టంలో 52వ సెక్షన్ చెప్పేదేమిటంటే, చూసేవాళ్ళు విద్యార్థులు, స్టాఫ్, తల్లిదండ్రులు, కాలేజీకి సంబంధించిన వాళ్ళు మాత్రమే అయితే కాలేజీలో సినిమా వేసుకోవచ్చు.

తల్లిదండ్రులు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మొదటి ఆట ‘మాయాబజార్’ వేద్దాం, అమ్మల్ని కూడా పిలుద్దాం. మా అమ్మ తప్పకుండా వస్తుంది, రిమోట్ మాత్రం ఆమె చేతికి ఇవ్వకండి.

మొదటి రెండు డిస్కులు నేను తెస్తాను, నాన్నమ్మ సంచుల్లోనే. మీలో ఎవరి ఇంట్లోనైనా మూడోది ఉంటే ఈ కాగితం కింద మీ పేరు రాయండి.