మొలలేనని వదిలేస్తున్నారా? ఇంటింటి సర్వేలో కనిపించని పెద్దపేగు క్యాన్సర్!

నాతవరం: మలంలో రక్తం పడితే మన ఊళ్లలో మొదట వినిపించే మాట.. వేడి చేసింది. రెండోది.. మొలలు. అనకాపల్లి జిల్లా నాతవరంలో అయినా, పక్కనున్న నర్సీపట్నంలో అయినా ఇదే తీరు. చాలాసార్లు అవి నిజంగా మొలలే. కానీ పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇదే గుర్తుతో బయటపడుతుంది. చిక్కంతా అక్కడే.

ఏపీలో 2024 నవంబర్‌లో ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. అందులో చూసేది మూడే.. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. కేంద్రం జాబితాలోనూ ఈ మూడే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర పేగు క్యాన్సర్ తక్కువ కాబట్టి ఆ లెక్క సబబుగానే కనిపిస్తుంది. అయితే ప్రపంచం మొత్తంలో 2022లో ఈ క్యాన్సర్ కొత్త కేసులు 19 లక్షలు. మరణాలు 9 లక్షలు.

మరి ముందే పట్టుకోలేమా? పట్టుకోవచ్చు, టైమ్ కూడా ఉంటుంది. పేగు లోపల మొలిచే పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఈలోపే కణాల్లోని ప్రోటీన్లు తేడా చూపిస్తాయి. ఏపీసీ అనే జీన్ దెబ్బతింటే బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్‌కు అదుపు తప్పుతుంది. అది పేరుకుపోయి కణ కేంద్రకంలోకి వెళ్లి, కణాలు ఆగకుండా పెరిగేలా చేస్తుంది. కాకినాడలో పుట్టిన హార్వర్డ్ ప్రొఫెసర్ రాజు కుచెర్లపాటి ముందుండి నడిపించిన అధ్యయనం 2012లో 'నేచర్'లో వచ్చింది. 276 కణితులను పరిశీలిస్తే 90 శాతానికి పైగా వాటిలో ఈ దారిలోనే లోపం బయటపడింది.

కానీ ఈ ప్రోటీన్‌ను చూడాలంటే పేగులోంచి ముక్క తీయాలి. అంటే కొలనోస్కోపీ. పోనీ రక్త పరీక్ష? హెల్త్ ప్యాకేజీల్లో కనిపించే సీఈఏ కూడా ప్రోటీన్ మార్కరే. 1965లో కనుగొన్నారు. తొలిదశలో చాలామందిలో అది పెరగదు, పొగతాగేవాళ్లలో క్యాన్సర్ లేకున్నా పెరుగుతుంది. ట్రీట్‌మెంట్ తర్వాత జబ్బు తిరగబెట్టిందా అని చూడటానికే అది ఎక్కువగా పనికొస్తుంది. నార్మల్ వచ్చిందని ధీమాగా ఉండటం పొరపాటే.

పల్లెకు పనికొచ్చే ప్రోటీన్ వేరే ఉంది.. మలంలో కంటికి కనిపించని రక్తంలోని గ్లోబిన్. దాన్ని పట్టే పరీక్షే ఫిట్. పథ్యం అక్కర్లేదు, చిన్న శాంపిల్ చాలు. నెదర్లాండ్స్‌లో 2014 నుంచి 55 నుంచి 75 ఏళ్ల వాళ్లకు రెండేళ్లకోసారి ఇదే చేస్తున్నారు. చిన్న పాలిప్‌లను ఇది చాలావరకు వదిలేస్తుంది, క్యాన్సర్‌ను మాత్రం నాలుగింట మూడు వంతుల సార్లు పట్టేస్తుంది.

అయితే కిట్లు పంచితే పనైపోదు. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ చేయాల్సిందే. నాతవరం మనిషి అందుకు విశాఖ దాకా వెళ్లాల్సి వస్తే, కూలి పోతుందని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. సర్వేలో నాలుగో క్యాన్సర్‌ను చేర్చే ముందు తేల్చాల్సింది ఈ సంగతే.

అప్పటిదాకా మెషిన్ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. మలద్వారానికి దగ్గర్లోని చాలా గడ్డలు డాక్టర్ వేలికే తగులుతాయి. మొలల మందు రాసే ముందు అది చేశారా లేదా అడగాలి. 40 దాటాక రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు, రక్తం తగ్గుతున్నా ఆలస్యం చేయొద్దు.