తత్వశాస్త్రం తిండి పెడుతుందా?

ఇంటర్ ఫలితాలు వెలువడగానే ఏ గ్రామంలో రచ్చబండ వద్ద విన్నా ఒకటే చర్చ. అబ్బాయిని ఇంజనీరింగ్‌లో చేర్చాలా, అమ్మాయిని నర్సింగ్‌కు పంపాలా అని. డిగ్రీలో తత్వశాస్త్రం తీసుకుంటాననే పిల్లవాడు ఎక్కడైనా ఉంటే, "కాటికి కాళ్లు చాచినప్పుడు చదవాల్సిన వేదాంతం నీకిప్పుడెందుకురా?" అని పెద్దలు నవ్వుతారు. అప్పు చేసి పిల్లలను చదివించే రైతు ఉద్యోగం సంగతి అడగడంలో తప్పులేదు. కాని తత్వశాస్త్రమంటే ముసలితనపు వేదాంతమే అనుకోవడం సరికాదు.

ఈ శాస్త్రం ముఖ్యంగా నేర్పేది ఒక ప్రశ్న: "నీకెలా తెలుసు?" మన ప్రాచీన తార్కికులు ఇందుకోసమే ప్రమాణాలు ఏర్పరచారు. కంటితో చూసింది ప్రత్యక్షం. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పు ఉందని గ్రహించడం అనుమానం. నమ్మదగినవాడు చెప్పిన మాట శబ్దం. పొగమంచును పొగ అనుకుంటే మోసపోతామని కూడా వారు హెచ్చరించారు.

ఇది పల్లెకు పనికిరాని చదువా? ఎకరాకు ఐదు పుట్లు పండుతుందని విత్తనాల ఏజెంటు చెబితే, ఎవరి పొలంలో, ఏ నేలలో పండిందని అడగాలి. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ ఇస్తామని వచ్చేవారిని, ఆ సొమ్ము ఏ వ్యాపారంలో పుడుతున్నదని నిలదీయాలి. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని సెల్‌ఫోన్లలో వచ్చిన పుకార్లు నమ్మి, 2018లో దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. "చూసిందెవరు?" అని ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే కొన్ని ప్రాణాలైనా దక్కేవి.

మరొక మంచి అలవాటు పూర్వపక్షం. ఎదుటివారి వాదనను వారే ఒప్పుకునేంత సరిగా చెప్పి, ఆ తర్వాతే దానిని ఖండించాలి. ఈ పద్ధతి పాటిస్తే మన గట్టు తగాదాలు చాలావరకు కోర్టు మెట్లు ఎక్కవు.

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టినా, ఆయన ఇంటిపేరు మన నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామానిదే. పేద కుటుంబం. స్కాలర్‌షిప్పులతో చదివారు. అదే కాలేజీలో చదివిన బంధువు తన తత్వశాస్త్రం పుస్తకాలు ఇవ్వడంతో ఆయన ఆ సబ్జెక్టు తీసుకున్నారు. మిషనరీ అధ్యాపకులు హిందూమతాన్ని విమర్శిస్తే ఆగ్రహించి ఊరుకోలేదు. మూలగ్రంథాలు చదివి, వేదాంతంలోని నీతిపై వ్యాసం రాసి జవాబిచ్చారు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్, 1962లో రాష్ట్రపతి అయ్యారు.

దూబగుంట మహిళలు ఏ కాలేజీలో చదివారని కొందరు అడగవచ్చు. నిజమే. అక్షరదీపం రాత్రిబడుల్లో సారా కాపురాలను కూల్చడం గురించిన పాఠం చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. ఎందుకిలా జరుగుతోందని ప్రశ్నించారు. ఊళ్లో సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రాత్రిబడిలో పుట్టిన ప్రశ్నే ఇంత పని చేస్తే, మూడేళ్లు క్రమంగా ప్రశ్నించడం నేర్చినవారు ఊరికి ఎంత అండ అవుతారో ఆలోచించాలి.

తత్వశాస్త్రం చదివినవారికి మరునాడే ఉద్యోగం వస్తుందని చెప్పలేము. అయితే సివిల్ సర్వీసెస్ మెయిన్ పరీక్షలో ఇది ఐచ్ఛిక సబ్జెక్టు. 2013 నుంచి నీతిశాస్త్రంపై 250 మార్కుల పేపరు అందరికీ తప్పనిసరి అయింది. న్యాయవాదికి, ఉపాధ్యాయునికి తర్కం రోజూ అక్కరకొచ్చేదే.

కావున, ఇష్టపడి ఈ చదువు ఎంచుకున్న బిడ్డను తల్లిదండ్రులు ఎగతాళి చేయరాదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలలో ఏ గ్రూపు విద్యార్థికైనా తర్కం, నీతిశాస్త్రం కలిపి కనీసం ఒక పేపరైనా ఉండేలా అధికారులు చూడాలి. ఉన్నవాళ్ల పిల్లలు ఎక్కడైనా నేర్చుకోగలరు. కూలీల పిల్లలకు సర్కారు కాలేజీయే గతి. అక్కడ లెక్క చేయడంతోపాటు, ఎదుటివాడు చెప్పే లెక్క సరైనదేనా అని అడగడం కూడా నేర్పాలి. తిండి సంపాదించుకునే విద్య ఎంత అవసరమో, ఆ తిండిని మరొకడు మాటలు చెప్పి లాక్కుపోకుండా కాపాడుకునే విద్య కూడా అంతే అవసరం.