మన గడ్డిని ‘మిగులు’ అని లెక్కగట్టింది ఎవరు?

పోస్టు కొంచెం పొడుగైంది. పని అయ్యాక తీరిగ్గానే చదవండి, కానీ చదవండి. కోతలు మొదలయ్యేలోపు మనం మాట్లాడుకోవాల్సిన ముచ్చట ఇది.

ఈమధ్య ఎక్కడ చూసినా ఒకటే మాట. వరిగడ్డితో ఇథనాల్, పత్తికట్టెతో బాయిలర్ గుళికలు, అన్నింటితో గ్యాస్. "పంట వ్యర్థాల నుంచి ఇంధనం" అని పేపర్లలో రాస్తున్నారు. ఇంధనం తీయడం మంచిదే, దానికి నేను అడ్డం కాదు. నా కొట్లాటంతా ఆ "వ్యర్థం" అనే మాటతోనే. వ్యర్థం అన్నదానికి రేటు ఉండదు. ముందు ఆ పేరు పెడతారు, తర్వాత ఊరికే పట్టుకుపోతారు.

కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ లెక్క ప్రకారం దేశంలో ఏటా సుమారు 75 కోట్ల టన్నుల బయోమాస్ వస్తుంది, అందులో 23 కోట్ల టన్నులు మిగులు. మిగులు అంటే ఎవరికి మిగులు? నీ కొట్టంలో రెండు బర్రెలున్నాయో, ఆరున్నాయో ఆ లెక్కకు తెలుసా? చౌడు తేలిన చెల్కలో గడ్డి కలియదున్నాల్సిన అవసరం ఎంతో తెలుసా? కరువు వచ్చిన ఏడు ఎండాకాలంలో గడ్డి కోసం లారీ మాట్లాడుకొని పక్క జిల్లాలకు తిరిగినప్పుడు మన దగ్గర మిగులేం లేదు కదా. పైనుంచి చూస్తే మిగులు కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఊక కథ గుర్తు చేసుకోండి. ఒకప్పుడు మిల్లుల వెనక ఊక గుట్టలు పడి ఉండేవి, తీసుకుపోతే చాలు అనేవాళ్లు. తర్వాత ఇటుక బట్టీలోళ్లు వచ్చారు, బాయిలర్లోళ్లు వచ్చారు, ఊకతో కరెంటు తీసే ప్లాంట్లు వచ్చాయి. ఊకకు రేటు పుట్టింది. తవుడు నుంచి నూనె తీస్తున్నారు. ఆ ఊక, ఆ తవుడు మన వడ్ల మీద ఉన్నవే కదా? చీటీలో తరుగు కోసింది చూశాం గానీ, ఊకకు ఇంత అని కలిపింది ఎప్పుడన్నా చూశామా? ఇప్పుడు గడ్డి వంతు వచ్చింది.

హర్యానాలో పానిపట్ దగ్గర ఇండియన్ ఆయిల్ వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. 2022 ఆగస్టు 10న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని దాని లక్ష్యం. భాగించి చూడండి, టన్నుకు 150 లీటర్లు. మొక్కజొన్న ఇథనాల్‌కు పెట్టిన లీటరు 71 రూపాయల 86 పైసల రేటే దీనికీ వేసుకుందాం. టన్ను గడ్డిలో పదివేల పైచిలుకు సరుకు ఉంది.

ఆ పదివేలూ ఫ్యాక్టరీకి మిగలవు, నిజమే. గడ్డిని ఉడికించి మెత్తబరచాలి, ఎంజైములు వేసి చక్కెరగా మార్చాలి, ఆ తర్వాత పులియబెట్టాలి. ఖర్చు చాలా ఉంటుంది. కానీ ఎంజైములు అమ్మినోడు ఊరికే ఇస్తున్నాడా? బేలర్ వాడు, లారీ వాడు ఊరికే వస్తున్నారా? అందరికీ రేటు కట్టి, పండించినోడి దగ్గరికి వచ్చేసరికి "నీ పొలం శుభ్రం చేసి పెడుతున్నాం కదా" అంటే ఎట్లా? పులియబెట్టడమే గొప్ప అయితే, మన బర్రె కడుపు కూడా అదే పని చేస్తుంది. గడ్డి తిని పాలు ఇస్తుంది, పేడ ఇస్తుంది.

ఇక మన లెక్క మనం కట్టుకుందాం. టన్ను వరిగడ్డిలో ఐదారు కిలోల నత్రజని, రెండు కిలోల దాకా భాస్వరం, దాదాపు 20 కిలోల పొటాష్ ఉంటాయి. వరి మొక్క నేలలోంచి లాగిన పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలోకి పోదు, గడ్డిలోనే ఉంటుంది. 50 కిలోల పొటాష్ బస్తాలో అసలు సరుకు 30 కిలోలు. బస్తా 1500 వేసుకున్నా టన్ను గడ్డిలో వెయ్యి రూపాయల పొటాష్ ఉన్నట్టు. ఆ పొటాష్ కెనడా నుంచో, రష్యా నుంచో ఓడల మీద రావాల్సిందే. అంటే టన్ను గడ్డి వెయ్యికి తక్కువ ఇస్తే అమ్మినట్టు కాదు, ఎదురు డబ్బులు ఇచ్చి పంపినట్టు. నేలకు పోవాల్సిన సేంద్రియ పదార్థం ఖరీదు ఇందులో కలపనే లేదు.

"కాల్చే బదులు ఇస్తే తప్పేంది?" అని అడుగుతారు. తప్పు లేదు. కాల్చడం కంటే ఇవ్వడం వెయ్యి రెట్లు నయం. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. మిషన్ కోత వచ్చాక గడ్డి పొలమంతా చెల్లాచెదురుగా పడుతుంది, ఎత్తడానికి కూలీలు దొరకరు, వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య టైం ఉండదు. అందుకే అగ్గిపుల్ల గీస్తున్నాం. మన ఇబ్బంది అది. అవతలోడు ఆ ఇబ్బందినే రేటు తగ్గించే బేరంగా వాడుకోవద్దు.

అన్ని పంటలకూ ఒకే మాట చెప్పలేం. పత్తికట్టె ఇచ్చేయండి. పశువు తినదు. చేనులో నిలబెడితే గులాబీ రంగు పురుగుకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. మొక్కజొన్న బెండ్లు బాయిలర్లకు పోనివ్వండి, చొప్ప మాత్రం పశువులున్నోళ్లు ముక్కలు కొట్టించి దాచుకోండి. వేరుశనగ కట్టె ఏ రేటుకూ ఇవ్వొద్దు, అంత మంచి మేత మళ్లీ దొరకదు. వరిగడ్డి ముందు కొట్టానికి, తర్వాత నేలకు, ఆ తర్వాతే ఫ్యాక్టరీకి. ఒకే మడి నుంచి ప్రతి పంటకూ ఎత్తేయొద్దు, ఒక పంట ఎత్తితే ఒక పంట కలియదున్నండి.

ఇంకో తేడా గమనించండి. గ్యాస్ ప్లాంటు మన గోబర్ గ్యాస్ లాంటిదే. పోయేది గ్యాసే. నత్రజని, భాస్వరం, పొటాష్ మడ్డిలో మిగులుతాయి. 2018లో సతత్ పథకం వచ్చింది ఈ ప్లాంట్ల కోసమే. ఆ మడ్డి ఎరువు అమ్మకానికి టన్నుకు 1500 రూపాయల సాయం ఇస్తామని 2023లో కేంద్రం నిర్ణయించింది. అమ్మేటోడికి సాయం ప్రకటించారు, గడ్డి పోసినోడికి ఎరువులో వాటా ఎందుకు ఉండొద్దు? మన నేల సరుకును బస్తాల్లో కట్టి మళ్లీ మనకే అమ్ముతుంటే చూస్తూ ఊరుకుందామా? ఇథనాల్ ఫ్యాక్టరీ అయినా బాయిలర్ అయినా అంతే, పొటాష్ బూడిదలో ఉంటుంది. ఆ బూడిద మన పొలాలకు తిరిగి రావాలి.

అందుకని ఎవరు బేరానికి వచ్చినా నాలుగు మాటలు గట్టిగా అడగండి. ఎకరాకు ఇంత అని గుత్తకు వద్దు, కాంటా వేసి టన్ను లెక్కన చీటీ ఇవ్వాలి. తేమకు కోత ఎంతో ముందే కాగితం మీద రాయాలి. టన్నుకు కనీస ధర ఉండాలి. ఎరువో, బూడిదో వాటాగా రావాలి. ఒక్కడు అడిగితే పక్క పొలానికి పోతారు. ఊరంతా ఒక మాట మీద ఉంటే వాళ్లే ఆగుతారు. గడ్డి తేలిక సరుకు, దూరం నుంచి తెచ్చుకుంటే లారీ కిరాయే మింగేస్తుంది. దగ్గరి ఊళ్లను వదులుకొని వాళ్లు ఎక్కడికీ పోలేరు. మన బలం అక్కడే ఉంది. నలుగురు కలిసి సంఘం తరఫున బేలర్ కొనుక్కుంటే ఇంకా మంచిది.

మిగులు ఎంతో చెప్పాల్సింది ఢిల్లీ కాదు, ఫ్యాక్టరీ కాదు. మన కొట్టం నిండాక, మన నేల తిన్నాక ఎంత ఉంటే అదే మిగులు.

మీ ఊర్లో గడ్డి ఏ లెక్కన పోతుందో, టన్నుకా ఎకరాకా, కింద రాయండి. పక్క ఊరి రేటు తెలిస్తేనే మనకు బేరం తెలుస్తుంది.